బ్రేకమ్మ వాటాకి వచ్చిన గుడ్డలు

డ్రైవింగ్ స్కూల్లో ఆవిడకు బ్రేకమ్మ అని పేరు. నేర్చుకునేవాళ్ల పక్క సీట్లో కూర్చుని, తన కాలి కింద ఉన్న రెండో బ్రేకు మీద నుంచి పాదం తీసేది కాదు. ఎదురుగా కుక్క కనపడితే చాలు, కారు కీచుమని ఆగిపోవలసిందే. "అన్నీ మీరే తొక్కేస్తే నేనెప్పుడు నేర్చుకునేది మేడం?" అని ఎవరైనా విసుక్కుంటే, "నువ్వు నేర్చుకునేదాకా ఆ కుక్క బతకొద్దా?" అనేది. నోరు అంత పదును. అయితే ఆ నోటిని ఇంటి గుమ్మం బయటే వదిలేసి లోపలికి వెళ్లేది. లోపల అత్తగారు ఉండేది.

అత్తగారు బట్టల మిల్లు షోరూములో గజంబద్ద పట్టుకుని వయసంతా గుడ్డ కొలిచి, కోసి ఇచ్చిన మనిషి. మిల్లు మూతపడ్డప్పుడు మిగిలిన సరుకంతా చవగ్గా ఇంటికి తెచ్చేసుకుంది. అక్కడితో ఆగలేదు. ఏ పాత బట్టల కొట్టు ఎత్తేస్తున్నారన్నా రిక్షా కట్టించుకుని వెళ్లేది. మేడ మీద రెండు గదులూ నేల నుంచి కప్పు దాకా నిండిపోయాయి. పట్టు తాన్లు, వెల్వెట్టు, చేతి లేసు, సూటు గుడ్డ, ఇప్పుడెక్కడా దొరకని పువ్వుల వాయిలు. ఒక్క ముక్క కుట్టించుకున్నది లేదు, ఒక్క ముక్క ఒకరికి పెట్టింది లేదు. అప్పుడప్పుడు తలుపు తీసి, కలరా ఉండలు మార్చి, మళ్లీ తాళం వేసేది.

కింద ఒకే గదిలో కొడుకూ కోడలూ. వంటింటి పక్కన నడవాలో మడతమంచం మీద మనవరాలు. పిల్ల పెద్ద పరీక్షలకు వచ్చిన ఏడు బ్రేకమ్మ గుండె చిక్కబట్టుకుని అడిగింది.

"పైన ఒక మూల ఖాళీ చేస్తే పిల్ల చదువుకుంటుంది అత్తయ్యా."

"గుడ్డకి గాలాడాలి."

"పిల్లకి ఆడక్కర్లేదా?"

"పిల్లకి వీధంతా ఉంది."

మొగుడు అక్కడే ఉన్నాడు. గొంతులు లేచేసరికి అతనికి బజారులో ఏదో పని గుర్తొచ్చింది. ఎప్పుడూ అంతే.

అంతకు ముందు, పిల్ల ఇంకా పాకుతున్న రోజుల్లో, తలుపు తీసి ఉన్న సమయం చూసి బ్రేకమ్మ ఒక పసుపుపచ్చ వాయిలు ముక్క తెచ్చి పిల్లకు గౌను కుట్టింది. అత్తగారు చూసింది. కేకలు వేయలేదు. పిల్ల ఒంటి మీంచి గౌను విప్పించి, కోడలిని ఎదురుగా కూర్చోబెట్టి, కుట్లు ఒక్కొక్కటే ఊడదీయించి, ఇస్త్రీ చేయించి, ఆ ముక్కను తీసిన చోటే పెట్టించింది. అంతసేపూ పిల్ల చలికి ఏడుస్తూనే ఉంది.

చివరికి అత్తగారు ఆసుపత్రిలో మంచం పట్టింది. ఒకనాటి సాయంత్రం కొడుకునీ కూతురినీ దగ్గరికి పిలిచి, అందరూ వినేట్టు చెప్పింది. "మేడ మీద గుడ్డలు కోడలికి. నా కూతురి చేతికిస్తే ఒక్కపూటలో అమ్మిపారేస్తుంది. దీనికంత తెగింపు లేదు. చచ్చేదాకా కాపలా కాస్తుంది."

చుట్టుపక్కల మంచాలవాళ్లు కోడలంటే ఎంత నమ్మకమో అనుకున్నారు. బ్రేకమ్మ మాత్రం తనకు పెట్టిన శాపాన్ని శాపంగానే విన్నది.

అత్తగారు పోయాక ఇల్లు సద్దుమణగగానే స్కూలుకు సెలవు పెట్టి, మూతికి గుడ్డ కట్టుకుని మేడెక్కింది. ఆ ముసలావిడ అంచనా తప్పని చూపించాలి. ముందు చేయవలసింది అదే.

డాబా మీద దుప్పటి పరిచి ఒక్కొక్క తానూ విప్పింది. ఎండకు ఎదురుగా ఎత్తి పట్టుకుంటే పురుగు కొట్టిన చోటల్లా వెలుగు చుక్కలుగా కారేది. బాగున్నవి ఒకవైపు, మరకపడ్డవి ఒకవైపు, చేతిలోనే పొడైపోయేవి మెట్ల మీదికి. తుమ్ములతో ముక్కు ఎర్రబడింది. ఒక చెక్కపెట్టె అడుగున పసుపుపచ్చ ముక్క కనబడింది. ఊడదీసిన కుట్ల చిల్లులు వరసగా అలాగే ఉన్నాయి. బ్రేకమ్మ దాన్ని ఒడిలో పెట్టుకుని ఏడవలేదు. బకెట్లో ముంచి, పిండి, గదుల నేలంతా దానితోనే తుడిచింది.

ఆడపడుచు దిగింది. బడిలో డ్రిల్లు టీచరు. ఆవిడ మామూలుగా మాట్లాడినా నాలుగిళ్ల అవతలివాళ్లు నిటారుగా నిలబడాలి.

"వదినా, నీలం పట్టు తాను నాది. అమ్మ నాకిస్తానంది."

"ఎప్పుడంది?"

"నా చిన్నప్పుడు."

"పెద్దయ్యాక నా పేరు చెప్పింది మరి. నువ్వూ విన్నావుగా."

"నీమీద ప్రేమతో చెప్పిందనుకుంటున్నావా?"

"ఆ భ్రమేం లేదు. అయినా ఇవ్వను."

నిజానికి నీలం పట్టు అంటే బ్రేకమ్మకు మోజేమీ లేదు. ఆడపడుచు అడిగింది కాబట్టి ఇవ్వబుద్ధి కాలేదు.

ఊళ్లో దర్జీలకు కబురు పెట్టి, ఇంటి ముందు బల్లలు వేసి, తాన్లన్నీ పేర్చింది. తెల్లారి తలుపు తీసేసరికి వీధికి అవతలివైపు కుర్చీ వేసుకుని ఆడపడుచు కూర్చుని ఉంది.

"కొనకండి! చచ్చినామె ఉసురు తగులుతుంది! అన్నీ పురుగులే! ఒక్క ఉతుక్కి రంగు దిగిపోతుంది!"

"ఉసురు గట్టిదా, పురుగు గట్టిదా? ఏదో ఒకటి తేల్చుకుని కేకలెయ్యి!" అని ఇటునుంచి బ్రేకమ్మ.

ఆ గొంతుకు నాలుగు వీధుల జనం పోగయ్యారు. తగువు చూడ్డానికి వచ్చినవాళ్లు ఊరికే నిలబడలేక గుడ్డలు తడిమి చూశారు, తడిమినవాళ్లు బేరం మొదలుపెట్టారు. బొమ్మలు చేసే ఆవిడ లేసంతా ఎత్తుకుపోయింది. సూటు గుడ్డకి దర్జీలు ఒకళ్లనొకళ్లు తోసుకున్నారు. తన అరుపులే సరుకు అమ్మిపెడుతున్నాయని తెలిసేసరికి ఆడపడుచు మొహం కందగడ్డయింది.

మధ్యాహ్నానికి నాటకాలకు దుస్తులు కుట్టే పెద్దాయన వచ్చి నీలం పట్టు అడిగాడు. బ్రేకమ్మ తాను ఎత్తిందో లేదో, ఆడపడుచు వీధి దాటుకుని వచ్చి కొస పట్టుకుంది.

"వదులు!"

"నువ్వు వదులు!"

ఇద్దరూ లాగారు. గుడ్డ చిరిగిన చప్పుడు కాదది. ఎండుటాకు నలిగినట్టయింది. ఎక్కడెక్కడ మడతలున్నాయో అక్కడల్లా, పైకి బాగానే కనబడిన పట్టు తనంతట తానే విడిపోయి, చీలికలు చీలికలుగా ఇద్దరి కాళ్ల మీదా పడింది. పెద్దాయన చేయి వెనక్కి తీసుకున్నాడు.

"చంపేశావు కదే," అంది ఆడపడుచు. మొదటిసారి ఆవిడ గొంతు చిన్నదైంది.

"నేను కాదు. మీ అమ్మే, తాళం వేసి మరీ చంపింది."

ఆడపడుచు చేతిలో మిగిలిన పీలికల్ని వదిన మొహాన విసిరికొట్టింది. "ఇక నీ గుమ్మం తొక్కితే నన్నడుగు."

"తొక్కాలని చూస్తే నేనే అడుగుతా."

ఆ తర్వాత ఆ ఇద్దరికీ మాటల్లేవు.

భుజం మీద పడ్డ పీలికను బ్రేకమ్మ వేళ్లతో తీసి చూసింది. ఎంత అందమైన నీలం! ఒక్కరోజయినా ఎవరి ఒంటి మీదా పడని గుడ్డ. ఒక్క క్షణం జాలేసింది. ఆ జాలి కూడా తిరిగి తిరిగి అత్తగారి మీద కోపంగానే మారింది.

మిగిలిన చింకిపాతలు మెకానిక్ షెడ్డువాళ్లు గ్రీజు తుడుచుకోడానికి పట్టుకెళ్లారు. గదులు ఖాళీ అయ్యాయి. అమ్మకం అయినంతసేపూ జాడ లేని మొగుడు తీరిగ్గా వచ్చి, గోడలు తట్టి చూసి సంబరపడ్డాడు.

"ముందు గది అద్దెకిచ్చేద్దామే. గాలీ వెలుతురూ బ్రహ్మాండంగా ఉన్నాయి."

"ఒకటి పిల్లకి. ఒకటి నాకు."

"నీకెందుకు? కింద మన గది ఉందిగా."

"అది మీ గది. తిండికి కిందికొస్తాను. పడుకోడానికి రాను."

"అమ్మ పోయింది కదా, ఇంకా ఏమిటే నీ కోపం?"

"అత్తయ్య నన్ను తిట్టింది, ఏడిపించింది. ఆవిడకి నేనంటే పడదు, దాచుకోలేదు. మీకు నేనంటే ఇష్టమే కదా? పిల్ల పుట్టినప్పట్నించీ చూస్తున్నాను, మీ నోట ఒక్క మాట పెగల్లేదు. ఆవిడ మీద కోపం గుడ్డలతోపాటు అమ్మేశాను. మీ మీదది ఎవరు కొంటారు?"

అతను నవ్వబోయి, ఆవిడ మొహం చూసి మానేశాడు.

మంచం పైకి చేరింది. మొదట్లో మెట్ల కింద నుంచి పిలిచేవాడు. తర్వాత పిలవడం మానేశాడు. తల్లీ కూతుళ్లు పక్కపక్క గదుల్లో ఉండసాగారు. పిల్ల తలుపేసుకుని పాటలు పెట్టుకుంటే బ్రేకమ్మ గోడ మీద కొట్టి తగ్గించమనేది, పిల్ల పెంచేది.

ఒక ఆదివారం పొద్దున్న అతను మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆ గది పిల్లకిమ్మని అమ్మని నేను అడగాల్సింది," అన్నాడు.

"అవును," అంది బ్రేకమ్మ, జడ అల్లుకుంటూ.

కూర్చోమనలేదు. అతను ద్వారబంధం మీంచి చెయ్యి తీసి కిందికి దిగిపోయాడు.