రాయి కింద కానుగాకు

మా నాయనకు ఆళ్లగడ్డలో కిరాణా అంగడి ఉండేది. ఆయనది అనడమే గానీ నడిపింది అమ్మ. నాయన పొద్దున్నే తలుపులు తీసి, గల్లాపెట్టె దగ్గర అగరుబత్తి వెలిగించి, అమ్మ కాఫీ తెచ్చేలోగా మాయమయ్యేవాడు. సరుకులకు వచ్చినవాళ్లు అడిగితే అమ్మ చింతపండు తూస్తూనే జవాబు చెప్పేది.

"అన్న యాడికి పోయినాడక్కా?"

"కొండకు పోయినాడు. ఆడ పిట్టలకు బెల్లం ఉందో లేదో కనుక్కోని వస్తాడంట."

నాయన చదివింది ఎనిమిదో తరగతి. బొమ్మలు వేయడం ఆయనకు ఎవరూ నేర్పలేదు. రాయడమూ అంతే. పొట్లాలు కట్టడానికి తెచ్చిన కాగితాల మీద పెన్నుతో గీసేవాడు. బొమ్మ నచ్చకపోతే ఆ కాగితాన్ని మళ్లీ కట్టలోనే పెట్టేసేవాడు. మా దగ్గర కందిపప్పు కొన్నవాళ్లు ఇంటికి పోయి పొట్లం విప్పితే లోపల పికిలి పిట్ట కనబడేది. "మాకు తల వచ్చిందన్నా, తోక ఎవురికి పోయిందో" అని ఏడిపించేవాళ్లు. ఆయన మాత్రం ఆ కాగితం పారేశారా, ఉందా అని ఆశగా అడిగేవాడు.

పేపర్లో జిల్లా పేజీకి నల్లమల గురించి రాసేవాడు. తన కంటితో చూసిందే రాయాలని ఆయన పట్టుదల. ఒకసారి వాగు పక్కన పొద్దంతా కూర్చుంటే ఏ జంతువూ నీళ్లకు రాలేదట. ఆ రాకపోవడం గురించే నిలువునా ఒక కాలమ్ రాసి పంపాడు. వాళ్లు వేశారు కూడా. ఆ తర్వాత నంద్యాలకు పిలిచి శాలువా కప్పారు. అమ్మ ఆ శాలువాను తీసి బెల్లం బుట్ట మీద కప్పింది. "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారే, ఈ పొద్దు నుంచి మనింట్లో ఈగల మోత తగ్గుతాదిలే" అంది. నాయన నవ్వాడు. అయితే ఆయన రాసింది అచ్చయిన ప్రతిసారీ మొదట చదివేది అమ్మే. చదివి మడిచి పెడుతూ, "అడవి గాచిన వెన్నెల" అనేది. అది తిట్టో, బాధో నాకు ఇప్పటికీ తెలియదు.

నాకు అమ్మలా ఎగతాళి చేతనయ్యేది కాదు. నాకు కోపం వచ్చేది. నా పెళ్లిచూపుల రోజు కూడా ఆయన కొండలోనే ఉన్నాడు. మగపెళ్లివాళ్లు ఇక లేద్దామనుకునే వేళకు పంచె నిండా పల్లేరుకాయలు అంటించుకుని వచ్చి, పెళ్లికొడుకును "మీ పక్క పాలపిట్టలు ఉండాయా?" అని అడిగాడు. ఆ పెళ్లికొడుకే మా ఆయన. పిల్ల కంటే మామే నచ్చాడని ఈ రోజుకీ అంటాడు.

అడవికి ఆయనతో నేను పోయింది ఒక్కసారే, బడికి ఎండాకాలం సెలవులిచ్చినప్పుడు. అహోబిలం దారిలో ఒకచోట పక్కకు మళ్లితే, చెట్లు దట్టమయ్యే దగ్గర చదునైన బండ ఒకటి ఉంది. గొర్రెల కాపరులైనా, చీపురు గడ్డి కోసుకునేవాళ్లైనా, లోపలికి పోయే ప్రతి మనిషీ ఒక ఆకు తుంచి ఆ బండ మీద పెట్టి, గాలికి ఎగరకుండా పైన చిన్న రాయి ఉంచి పోతాడు. తిరిగి వచ్చినప్పుడు ఎవరి ఆకు వాళ్లు తీసేస్తారు. ఎవరిది ఏ చెట్టు ఆకో అక్కడివాళ్లందరికీ తెలుసు. మా నాయనది కానుగాకు. పొద్దు వాలేటప్పుడు ఆఖరున దిగేవాళ్లు బండ వైపు చూస్తారు. రాయి కింద ఆకు ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. అప్పుడు వాళ్లు ఇంటికి పోరు, కేకలేస్తూ వెనక్కి తిరుగుతారు.

నేను వేపరెమ్మ పెట్టాను. పక్కనే ఇంకెవరిదో ఆకు కాస్త వంకరగా ఉంటే సర్దబోయాను. నాయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఒకరి ఆకు ఇంకొకరు ముట్టగూడదు పాపా."

"లోపల చచ్చిపోతే?"

"అప్పుడు ఇంటోళ్లు తీస్తారు. మనిషిని బయటికి తెచ్చినాక."

"మనం వచ్చేటప్పుడు తీయడం మర్చిపోతే?"

"అదే చేయగూడని పని. లేని మనిషి కోసం వాళ్లు ముళ్లల్లో పడి ఎతుకుతారు."

ఆ రోజు వాగు దగ్గర కదలకుండా కూర్చోమన్నాడు. చీమలు కుట్టాయి, ఆకలేసింది, నేను ఏడుపు మొహం పెట్టాను. మళ్లీ నన్ను పిలవలేదు. నేనూ అడగలేదు.

అమ్మ పోయాక ఆయనకు మరుపు మొదలైంది. అంగడి అమ్మేసి, నంద్యాలలో మా ఇంటికి తీసుకొచ్చాం. మా ఆయన విత్తనాల వ్యాపారం చేస్తాడు, మిద్దె ఇల్లు, ముందు వరండాకు ఇనుప గ్రిల్లు. వీధిలోని కానుగ చెట్టు కొమ్మ ఒకటి మా గోడ దాటి లోపలికి వంగి ఉంటుంది. మిద్దె ఎక్కితే తూర్పున నల్లమల కనిపిస్తుంది. నాయన పొద్దున్నే ఆ మిద్దె మీద నిలబడి, పిలుస్తున్నా వినకుండా అటే చూసేవాడు. ఒకరోజు ఏదో చప్పుడు విని, "అదేందీ, ఆ చెక్క కొట్టే పిట్ట" అని తడుముకున్నాడు. వడ్రంగి పిట్ట పేరు ఆయన నోటికి రాలేదు. నా పేరు మర్చిపోయినప్పుడు కూడా నాకు అంత భయం వేయలేదు.

ఒంటరిగా పంపొద్దని డాక్టరు చెప్పాడు. చెప్పినంత తేలికా? ఒకనాడు నేను వంటింట్లో ఉండగా బస్సెక్కి పోయాడు. ఎక్కడికి పోయి ఉంటాడో ఆలోచించాల్సిన పని లేదు. ఆళ్లగడ్డ అవతల ఆయనకు తెలిసిన గొర్రెల కాపరి ఒకడున్నాడు, అతనికి ఫోన్ చేశాను. "ఉండక్కా, బండ కాడ చూసి చెప్తా" అన్నాడు. కాసేపటికి మళ్లీ ఫోన్ మోగింది. "కానుగాకు ఉందక్కా. అన్న లోపలే ఉండాడు. మేం పోతాండాం, నువ్వు దిగులుపడొద్దు."

మేం కారు మాట్లాడుకుని పోయేసరికి కాపరి ఊరి మగవాళ్లు చాలామంది అడవిలోకి పోయి ఉన్నారు. ఎండ మాడిపోతోంది. వాళ్ల కేకలు ఒక గుట్ట మీంచి ఇంకో గుట్టకు వినబడుతున్నాయి. నేను బండ దగ్గరే కూర్చుని ఆ ఆకును చూస్తూ ఉన్నాను. నా జీవితంలో ఏ దేవుడి ముందూ అంతసేపు కూర్చోలేదు.

నాయన అడవిలో లేడు. ఎప్పుడో బయటికి వచ్చి, ఎవరిదో ఆటో ఎక్కి ఆళ్లగడ్డ చేరి, మా పాత అంగడి అరుగు మీద కూర్చున్నాడు. అది ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు. లోపలి మనిషి నీళ్లిచ్చి, ఏం కావాలని అడిగితే, "మా ఆడామె వచ్చి తలుపు తీస్తాది" అన్నాడట. పొద్దు వాలకముందే ఆ కబురు మాకు అందింది.

నాయనను మళ్లీ బండ దగ్గరికి తీసుకొచ్చాం. అడవిలోంచి వాళ్లు ఒక్కొక్కరే దిగుతున్నారు. కాపరి చొక్కా చేతి దగ్గర చిరిగి, మోచేయంతా గీరుకుపోయి ఉంది. నాయన వాళ్లను చూశాడు, బండ మీద తన ఆకును చూశాడు. అప్పుడు మాత్రం ఆయనకు అంతా అర్థమైంది.

"నేను ఆకు తీయలేదా?"

"పోనీలే అన్నా, దొరికినావు గదా," అన్నాడు కాపరి.

నాయన రాయి జరిపి ఆకు తీశాడు. తీసి, మనుషులందరి ముందూ ఏడ్చాడు. అమ్మ పోయినప్పుడు కూడా నేను ఆయన కంట నీరు చూడలేదు.

కారులో నా చెయ్యి వదల్లేదు. "ఇంక నన్ను కొండకు పంపొద్దు పాపా. నేను అడిగినా పంపొద్దు, ఏడ్సినా పంపొద్దు. నా ఆకును నమ్మి వాళ్లు ఎతికినారు. ఇట్ల ఇంకోసారయితే రేపు ఎవురి ఆకునూ ఎవురూ నమ్మరు."

సరేనన్నాను. మర్నాటికి ఆ మాట ఆయనకు గుర్తులేదు. నాకు ఉంది.

గ్రిల్లుకు తాళం వేశాను. తప్పని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. కన్నతండ్రిని బోనులో పెట్టిందని అన్న చుట్టాలు ఉన్నారు. వాళ్లలో ఎవరూ ఒక్క పూట వచ్చి కాపలా కూర్చోలేదు. నాయన మాత్రం పొద్దున్నే గ్రిల్లు పట్టుకుని ఊపేవాడు.

"ఎవురు తాళం వేసింది?"

"నేనే నాయనా. నువ్వే వేయమన్నావు."

"నేనా? నేనెందుకు చెప్తాను? బేగా తియ్. పొద్దెక్కితే పిట్టలు యాడుంటాయి?"

రోజూ ఇదే. ఊపి ఊపి అరచేతులు కందిపోయేవి. నూనె రాస్తుంటే నావైపు చూసే చూపులో కోపం ఉండేది కాదు. ఈమె ఎవరో, నాకెందుకు అడ్డం పడుతోందో అన్న ఆశ్చర్యం తప్ప. ఎన్నోసార్లు తాళంచెవి చేతికిచ్చేద్దామా అనిపించింది. ఆ కాపరి చిరిగిన చొక్కా గుర్తొచ్చి ఆగిపోయేదాన్ని.

ఒక ఉదయం గ్రిల్లు చప్పుడు వినబడలేదు. వరండాలోకి పరిగెత్తాను. నాయన నేల మీద వంగి ఉన్నాడు. గ్రిల్లు సందులోంచి అందిన కానుగాకు ఒకటి గడప పక్కన పెట్టి, పూలకుండీలోని చిన్న రాయి తీసి దాని మీద ఉంచుతున్నాడు. ఉంచి, లేచి, ఇంట్లోకి తిరిగి మెల్లగా నడిచాడు. అడుగుల చప్పుడు కాకుండా నడిచే ఆ నడక నాకు తెలుసు. హాలు దాటి, వంటింటి కిటికీ కింద కూర్చుని, నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకున్నాడు. బయట పంపు దగ్గర గోరింకలు నీళ్లు తాగుతున్నాయి.

ఆ తర్వాత ఆయన గ్రిల్లు పట్టుకోలేదు. ఇంక ఎక్కడికీ పోవాల్సిన పని లేదు, అడవిలోనే ఉన్నాడు కదా. ఆకు వాడిపోతే కొత్తది పెట్టేవాడు. ఇంటికి ఎవరొచ్చినా "ఆకు పెట్టినారా?" అని అడిగేవాడు. పెట్టకపోతే లోపలికి రానిచ్చేవాడు కాదు. నా మేనత్త, ఆయన చెల్లెలు, ఎనభై దాటిన మనిషి, గొణుక్కుంటూ వంగి తమలపాకు పెట్టింది. మా ఆయన తన విత్తనాల అంగడి నుంచి వస్తూ చెప్పుల పక్కన ఒక ఆకు పెట్టి, పోయేటప్పుడు తీసుకుని పోయేవాడు. "మామా, నా ఆకు తీసినా, చూసుకో" అని కేకేసి మరీ పోయేవాడు. నేను వేపరెమ్మ పెట్టాను. నాయన దాన్ని చాలాసేపు చూశాడు. ఏమైనా గుర్తొచ్చిందో లేదో, నేను అడగలేదు.

ఒకసారి పనామె తెలియక ఊడ్చేసింది. నాయన అల్లాడిపోయాడు. "నేనీడుండానని ఎవురికి తెలుస్తాది ఇప్పుడు? ఎవురొచ్చి ఎతుకుతారు?" అని ఇల్లంతా తిరిగాడు. నేను ఆయనను పట్టుకుని, "నాకు తెలుసు నాయనా, నేనొస్తాను" అన్నాను. ఇన్నేళ్ల కోపంలో ఒక్కసారి కూడా ఆయనతో అలా మాట్లాడలేదు. ఆ మాట అన్నాక నాకు ఆయన మీద కోపం మిగల్లేదు.

మాటలు పోయాయి, తర్వాత రాత పోయింది. గీత మాత్రం చివరిదాకా ఉంది. పెన్ను చేతికిస్తే పిట్ట వచ్చేది, పేరు లేకుండా. ఒక మధ్యాహ్నం అన్నం తిని, కిటికీ కింద కుర్చీలో ఒరిగి, అలాగే పోయాడు. ఒడిలో కాగితం ఉంది. అందులో తోక మాత్రం వేశాడు.

సాయంత్రానికి పాడె కట్టారు. మా ఆయన తలకొరివి పెడతానన్నాడు. గ్రిల్లు రెండు రెక్కలూ బార్లా తీశారు. నాయనను వీధిలోకి తీసుకుపోయాక ఆడవాళ్లు ఇల్లు కడగడానికి బిందెలతో నీళ్లు తెచ్చారు. మేనత్త చీపురు పట్టుకుని గడప దగ్గరికి వచ్చింది.

"ఆగు అత్తా" అన్నాను.

వంగి రాయి జరిపాను. కానుగాకు ఇంకా పచ్చిగానే ఉంది, ఆ పొద్దున పెట్టిందే. తీసి వీధిలోకి వదిలేశాను.

"ఏందీ పాపా?"

"నాయన బయటికొచ్చినాడత్తా."

ఆమె కళ్లు తుడుచుకుని మళ్లీ చీపురు ఎత్తింది. పక్కన ఇంకో చిన్న రాయి, దాని కింద ఎండిన వేపరెమ్మ కనబడ్డాయి.

"మరి ఇది ఎవురిది? దీన్ని గూడా తీసేయనా?"

"అది నాది. ఉండనీ" అన్నాను.