ఆమె పలకని పేరు

1978 శాసనసభ ఎన్నికల్లో నన్ను రాజోలు తాలూకాలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక జాలరి పేట బడికి ప్రిసైడింగ్ అధికారిగా వేశారు. అప్పుడు నేను తాలూకా కచేరీలో ఉప తహసీల్దారును. పోలింగు కేంద్రంలో ఆఖరి మాట ప్రిసైడింగ్ అధికారిదే. శిక్షణలో పైవాళ్ళు మాకు నూరిపోసింది మాత్రం ఒక్కటే: దొంగ ఓటు పడితే ఉద్యోగానికి నీళ్ళు వదులుకోవలసిందే. పొద్దుటి నుంచీ నాకు అదే గుబులు.

మధ్యాహ్నం మూడు దాటాక ముప్ఫై ఏళ్ళ ఆవిడొకామె వచ్చింది. జాబితాలో పేరు మంగమ్మ. వేలికి సిరా పెట్టబోతుండగా ఒక అభ్యర్థి తరఫు ఏజెంటు లేచాడు.

"ఈవిడ ఆవిడ కాదండీ. మంగమ్మ పుట్టింటికెళ్ళి నెలైందండి."

ఇలా ఆక్షేపించే ఏజెంటు ముందు రుసుము కట్టాలి, తన మాటకు ఆధారం తనే చూపాలి. లేకపోతే ఓటరుకు బ్యాలెట్ ఇచ్చేయాలి. నేనేమో భయంకొద్దీ అతన్ని వదిలేసి ఆవిడ మీద పడ్డాను. జాబితాలో ఉన్న భర్త పేరు చెప్పమన్నాను.

ఆవిడ తల వంచుకుంది. "ఆయన పేరు నేనెలా అంటానండి?"

"చెప్పకపోతే కాగితం ఇవ్వనమ్మా."

"ఆయ్. మా అత్తని తీసుకొత్తానండి. ఆవిడ చెబుద్ది."

అత్తగారు గోదావరి పాయ అవతల చేపలు ఎండబెడుతోందట. పడవ మీద వెళ్ళి రావాలి. పోలింగు ఐదింటికి ఆఖరు. ఆవిడ వెళ్ళాక నాకు కుదురు లేదు. మా అమ్మ కూడా జన్మలో నాన్నగారి పేరు పలకలేదు. రేషను కార్డుకు అడిగితే నన్ను ముందుకు తోసేది. ఇంత తెలిసీ నేను అడిగిందేమిటి? ఇంటి నంబరు అడగవచ్చు, వరుసలో ఉన్నవాళ్ళను విచారించవచ్చు. గుమ్మంలోకి వెళ్ళి రేవు వైపు చూడడం, మళ్ళీ గడియారం చూసుకోవడం, ఇదే నా పనైంది.

ఐదింటికి వరుసలో ఉన్నవాళ్ళకు, చివరి మనిషి నుంచి మొదలుపెట్టి, సంతకం చేసిన చీటీలు పంచాను. ఆ తర్వాత వచ్చినవారికి ఓటు లేదు. పది నిమిషాలకు అత్తాకోడళ్ళు మోకాళ్ళ దాకా తడిసిన చీరలతో వచ్చారు. ముసలావిడ కొడుకు పేరు చెప్పింది. జాబితాలో ఉన్న పేరే. ఏజెంటు నేల చూపులు చూశాడు. గడువు దాటిందని చెప్పాను.

"ఓటు దీనిదండి. మా అబ్బాయి పేరెందుకండీ మీకు?" అందావిడ.

నాకు సిగ్గేసింది. మంగమ్మ అత్తగారి చెయ్యి పట్టుకుని రేవు వైపు నడిచింది.

ప్రిసైడింగ్ అధికారి డైరీలో ఆక్షేపించిన ఓట్లకు ఒక గడి ఉంటుంది. రుసుము కట్టలేదు కాబట్టి అందులో "లేవు" అని రాసి సంతకం పెట్టాను. నిబంధన ప్రకారం అది తప్పు కూడా కాదు.

అనుమానాన్ని రుజువు చేయవలసింది అనుమానించినవాడేనని అక్కడ నేర్చుకున్నాను. ఆ తర్వాతి ఎన్నికల్లో ఏ ఆడమనిషినీ భర్త పేరు అడగలేదు. ఏజెంటు లేచినప్పుడల్లా ముందు రుసుము కట్టమనేవాణ్ణి. చాలామంది రుసుము కట్టకుండానే కూర్చునేవారు. ఆ రోజూ అంతే అయ్యుండేది.