మూడు వరసల అన్నం

గుండు మేస్త్రికి తలనిండా జుట్టే. అరవైకి దగ్గరపడుతున్నా దువ్వెన దిగనంత ఒత్తు. ఆ పేరు ఆయనకి తలవల్ల రాలేదు, గోడ నిటారుగా ఉందో లేదో చూడడానికి దారానికి కట్టి వేలాడదీసే ఇనప గుండువల్ల వచ్చింది. మిగతా మేస్త్రీలు పూటకొకసారి గుండు వదిలితే ఈయన మూడు వరసలకొకసారి వదిలేవాడు. పని నత్తనడక నడుస్తోందని కాంట్రాక్టర్లు నెత్తీనోరూ కొట్టుకునేవాళ్లు. అయినా పిలిచేవాళ్లు. ముప్ఫై నాలుగేళ్లలో ఆయన కట్టిన గోడ ఒక్కటైనా పడగొట్టి మళ్లీ కట్టాల్సిన అవసరం రాలేదు. ఆ సంగతి అడిగినవాళ్లకీ చెప్పేవాడు, అడగనివాళ్లకీ చెప్పేవాడు.

ఏడాదిన్నర కిందట కుడిచెయ్యి వణకడం మొదలైంది. మొదట బొటనవేలు, తర్వాత మణికట్టు. ఇది తగ్గే జబ్బు కాదని, మెల్లమెల్లగా పెరుగుతుందని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. టాబ్లెట్ వేసుకున్న ముప్పావుగంటకి చెయ్యి కుదురుకుంటుంది. రెండు మూడు గంటలు చెప్పినమాట వింటుంది. ఆ తర్వాత ఎవరి మాటా వినదు. పని చేస్తున్న చోట ఒకరోజు తాపీలోంచి సిమెంటు మాలు జారి, కింద కూర్చున్న ఎలక్ట్రీషియన్ నెత్తిమీద పడింది. అందరూ నవ్వారు, మేస్త్రి కూడా నవ్వాడు. ఆ మర్నాటినుంచి ఆయనకి పిలుపు రాలేదు.

ఇక మిగిలిన ఆశ బక్కోడు ఒక్కడే. ఒకప్పుడు మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నవాడు, ఇప్పుడు సొంతంగా కాంట్రాక్టులు చేస్తున్నాడు. పొట్ట చొక్కా గుండీలని పరీక్షిస్తున్నా పేరు మాత్రం బక్కోడే. నాలుగంతస్తుల భవనం ఒకటి లేపుతున్నాడు. దాని మెట్లపని ఇంకా మొదలు కాలేదని తెలిసింది. మెట్లంటే గుండు మేస్త్రి పేరే ముందు చెబుతారు, అంటే చెప్పేవాళ్లు.

"వాడు తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం కాదండీ. ఆదివారం సాయంత్రం భోజనానికి పిలుద్దాం," అంది భార్య.

ఆవిడ ఒక ఆఫీసు క్యాంటీన్ వంటగదిలో పనిచేస్తుంది. అక్కడ పెద్ద ఆఫీసర్లు వచ్చినరోజు ఒక పళ్లెం చేస్తారు. కింద అన్నం, మధ్యలో అవకాడో అని పిలిచే వెన్నపండు, పైన చికెన్. అడుగు లేని డబ్బాని పళ్లెంలో నిలబెట్టి, అందులో వరసగా అదిమి, డబ్బా పైకి తీసేస్తే మూడు రంగుల చిన్న స్తంభంలా నిలబడుతుంది. వాళ్లు దాన్ని తినేముందు ఫోన్లో ఫొటోలు తీసుకుంటారు.

ఆ మాట విన్న మేస్త్రి కళ్లు వెలిగాయి. "అదే చేద్దాం. అయితే నువ్వు వండు, వరసలు నేను పెడతాను. నీ చెయ్యి ఎలా ఉందని వాడు నన్ను అడగలేడు, బాగుందని నేనూ చెప్పుకోలేను. పళ్లెం చూస్తే వాడికే అర్థమవుతుంది."

ఆవిడ వెంటనే సరేనంది. ఏడాదిన్నర తర్వాత ఆయన గొంతులో ఆ హుషారు వినిపించింది మరి.

ఆదివారం మధ్యాహ్నం మేస్త్రి మూడు పాలపొడి డబ్బాలకి అడుగు కోసేసి, అంచులు ఆకురాయితో నున్నగా అరగదీశాడు. మూడున్నరకి టాబ్లెట్ వేసుకున్నాడు. ఆవిడ అన్నం కాస్త మెత్తగా వండి ఉప్పు, నిమ్మరసం కలిపింది. చికెన్ మిరియాలు, వెల్లుల్లి వేసి ఉడికించి, పీచుల్లా విడదీసింది. రెండు వెన్నపండ్లు కోసి, గింజ తీసి, గుజ్జు మెదిపి సన్నగా తరిగిన ఉల్లిపాయ కలిపింది. నిమ్మకాయ పిండబోతుంటే మేస్త్రి చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాలుగు చుక్కలు చాలు. మాలు జారుగా ఉంటే వరస నిలబడదు."

"నిమ్మరసం తక్కువైతే నల్లబడుతుందండీ."

"పలచనైతే కారిపోతుంది."

నాలుగుంపావుకి చెయ్యి కుదుటపడింది. మేస్త్రి మొహం కడుక్కొని, లుంగీ బిగించుకొని, బల్ల ముందు కూర్చున్నాడు. పళ్లెంలో నిలబెట్టిన మొదటి డబ్బాలో రెండు వేళ్ల మందాన అన్నం వేసి స్టీలు గ్లాసు అడుగుతో అదిమాడు. లేచి వెళ్లి సంచిలోంచి రసమట్టం తెచ్చి, సబ్బుతో కడిగి, డబ్బా మీద అడ్డంగా పెట్టి చూశాడు. అందులో బుడగ సరిగ్గా మధ్యలో నిలబడింది. ఆవిడకి నవ్వాగలేదు. చాలా రోజులకి ఇద్దరూ కలిసి నవ్వారు.

మూడు డబ్బాల్లో అన్నం పరిచాక ఆవిడ గుజ్జు గిన్నె అందించింది. ఆయన తీసుకోలేదు.

"ఆగు. వరస బిగుసుకోవాలి."

"ఇదేమైనా సిమెంటా?"

"అన్నమైనా ఇటుకైనా బరువు బరువే. కింది వరస గట్టిపడకుండా పై వరస ఎక్కిస్తే గోడ పొట్టొస్తుంది."

"మా క్యాంటీన్లో రెండు నిమిషాల్లో పెట్టేస్తారు."

"మీ క్యాంటీన్ వాళ్లు ఎన్ని గోడలు కట్టారేంటి?"

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషితో ఏం వాదిస్తుంది? అరగంట ఆగి ఆయన వెన్నపండు గుజ్జు పరిచాడు. మళ్లీ గంటసేపు కదల్లేదు. మధ్యవరసే అన్నిటికన్నా మెత్తనిది కాబట్టి దానికి ఎక్కువ సమయం ఇవ్వాలన్నాడు. చికెన్ వేసే వేళకి డబ్బాలోకి చూస్తే పచ్చరంగు అంచుల వెంట టీ రంగులోకి తిరుగుతోంది. చూశాడు. చూసీ, పైన చికెన్ వస్తుందిగా, కనపడదులే అనుకున్నాడు. ముప్ఫై నాలుగేళ్లలో అలాంటి మాట ఆయన ఏ గోడ దగ్గరా అనుకోలేదు. మూడో డబ్బాకి వచ్చేసరికి వేళ్లు తొందరపెడుతున్నాయి. గ్లాసుతో అదుముతుంటే ఒకపక్కకి జారింది.

ఆరున్నరకి వస్తానన్న బక్కోడు ఏడున్నర అవుతుందని ఫోన్ చేశాడు. మేస్త్రి స్నానానికి వెళ్లాడు. ఇస్త్రీ చొక్కా గుండీలు పెట్టుకోవడానికే చాలాసేపు పట్టింది.

బక్కోడు వచ్చి, చేతులు కడుక్కొని, బల్ల దగ్గర కూర్చున్నాడు. "ఏం అక్కా, పాత ఇంటికి కొత్త వంటలొచ్చాయా?" అన్నాడు. మేస్త్రి మొహంలోకి మాత్రం చూడలేదు. ఆవిడ వంటగదిలోంచి మూడు పళ్లేలు తెచ్చి పెట్టింది. తెల్లటి అన్నం, దానిమీద పచ్చటి పట్టీ, దానిమీద చికెన్. మూడూ నిటారుగా నిలబడ్డాయి.

"అబ్బబ్బ! ఏం వరసలు మేస్త్రిగారూ! దారం కట్టి పెట్టినట్టున్నాయి. నేర్చిన చెయ్యి ఎక్కడికి పోతుంది?"

"మరేమనుకున్నావు? మధ్యాహ్నంనుంచీ కూర్చుని ఆయనే పెట్టారు," అంది ఆవిడ గబగబా.

మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. ఒక్క క్షణం. తర్వాత తన పళ్లెంలోకి చూశాడు.

మధ్యవరస పచ్చగా ఉంది. అప్పుడే కోసిన పండంత పచ్చగా ఉంది. గంటసేపు ఆరబెట్టిన గుజ్జు ఇలా ఉండదు. తను రెండు వేళ్ల మందాన వేసిన అన్నం ఇక్కడ వేలున్నరే ఉంది. మేస్త్రి అన్నవాడు తన గోడని పదేళ్ల తర్వాత చూసినా గుర్తుపడతాడు. ఇది తన గోడ కాదు.

ఊరుకుంటే సరిపోతుంది. ఊరుకోవాలని ఆయనకి ఎంతగా అనిపించిందంటే, చెంచా పట్టుకుని నోరు మూసుకున్నాడు కూడా. బక్కోడు పొగుడుతున్నాడు, రేపో ఎల్లుండో పిలుస్తాడు, మళ్లీ పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరచ్చు. కానీ పిలిచేది మెట్లకి. అన్నం ఒరిగితే చెంచాతో తింటారు. మెట్టు అర అంగుళం అటూ ఇటూ అయితే గ్యాస్ బండ భుజాన పెట్టుకుని దిగేవాడి నడుం విరుగుతుంది.

"ఇది నా చెయ్యి కాదు," అన్నాడు.

"ఏవండీ..."

"నేను పెట్టినవేవి?"

ఆవిడ తల ఎత్తలేదు. "మీరు స్నానంలో ఉండగా ఒకటి తీసి చూశాను. మధ్యలో నల్లగా అయిపోయింది. ఒరిగిపోయిందండీ. ఎందుకైనా మంచిదని ఇంకో పండు తెచ్చి ఉంచాను. అదే అన్నం, అదే చికెన్. పండు ఒక్కటే వేరే."

"మూడూనా?"

"మూడూ."

"పడగొట్టి కట్టావన్నమాట."

ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మేస్త్రికి కోపం రాలేదు. వస్తే బాగుండునని చూశాడు, రాలేదు. ఒంట్లో ఎక్కడా దానికి కావలసిన బలం దొరకలేదు.

బక్కోడు చెంచా పక్కన పెట్టేశాడు. "మేస్త్రిగారూ, మెట్లపని శుక్రవారమే వేరేవాళ్లకి అప్పజెప్పాను. ఫోన్లో చెబుదామనుకుంటే అక్క భోజనానికి రమ్మంది. ఇంటికొచ్చి చెబుదామనుకుంటే పళ్లెం ముందు పెట్టారు. ఇక నోరు రాలేదు."

"అందుకే చెయ్యి బాగుందన్నావా?"

"ఏమనాలో తెలియక అన్నాను."

తను నోరు విప్పకపోతే వీడు తినేసి, మెచ్చుకుని, వెళ్లిపోయేవాడు. తనూ భార్యా వారాల తరబడి ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చునేవాళ్లు. అలా ఎదురుచూడడం మేలో, ఇలా తెలిసిపోవడం మేలో మేస్త్రికి తేలలేదు.

"మీరు ఊరికే పని దగ్గరికి వచ్చి కుర్చీలో కూర్చోండి మేస్త్రిగారూ," అన్నాడు బక్కోడు. "తప్పులుంటే చెప్పండి. చాలు."

"నేను నేర్పినవాళ్లేగా కడుతున్నారు. తప్పులేం ఉంటాయి? తిను. తినకుండా లేవకు."

బక్కోడు తలవంచుకుని తినసాగాడు. మేస్త్రి చెంచా ముంచాడు. టాబ్లెట్ సత్తువ ఎప్పుడో అయిపోయింది. మొదటి చెంచాలో సగం అన్నం చొక్కా మీద పడింది. రెండోది నోటిదాకా వచ్చి, పంటికి తగిలి, మొత్తం బల్లమీద చెల్లాచెదరైంది. మూడోసారి ఎత్తబోతుంటే తినిపించడానికి భార్య కుర్చీ దగ్గరికి జరుపుకుని, చెంచా కోసం చెయ్యి చాచింది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కూడా ఆయన ఎన్నడూ ఒప్పుకోని పని అది. నెలల తరబడి పోట్లాడాడు, పస్తులున్నాడు, గిన్నె విసిరేశాడు.

ఇప్పుడు చెంచా ఇచ్చేశాడు. తన దగ్గర పని నేర్చుకున్నవాడు ఎదురుగా కూర్చుని చూస్తుండగానే, భార్య పెట్టిన ముద్దకి నోరు తెరిచాడు.