సాలీడును సాగనంపిన పొద్దు

ముందే చెప్పేస్తున్నాను, నేను గోరంతను కొండంత చేసే మనిషిని. అయినా కోవిల్‌పట్టి దగ్గరి పల్లెలో, మిత్రుడి ఇంటి స్నానాలగది గోడమీద నేను చూసిన సాలీడు అన్నం పళ్లెమంత ఉంది! ఎనిమిది కళ్లతోనూ నా తువ్వాలు వంకే చూసింది. నేను పెట్టిన కేకకు విరుదునగర్ బస్సు పొలిమేరలోనే ఆగిపోయింది.

చెప్పు ఎత్తాను. మిత్రుడి తల్లి, నేను పెద్దమ్మా అని పిలిచే ఆవిడ, పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"కొట్టబాక నాయనా! పొట్ట కింద తెల్ల సంచి చూడు. చూలుది, పావం!"

పల్లీపట్టీల సీసాను దానిమీద బోర్లించి, గోడకూ సీసాకూ నడుమ అగ్గిపెట్టెల అట్టముక్క దూర్చింది. మొత్తం తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"దాన్ని బయపెట్టింది నువ్వే, సాగనంపేదీ నువ్వే."

బాంబు మోస్తున్నట్టు పెరట్లోని కట్టెల దాకా మోశాను. అట్ట తీసి "పో!" అన్నాను.

పెద్దమ్మకు కోపం వచ్చింది. "చూలు ఆడదాన్ని పో అంటారా? పోయిరా అనాల."

"నిజంగా వస్తే, పెద్దమ్మా?"

"వస్తే రానీ. బొద్దింకల్ని తినేది అదేగదా. నీ మాదిరి అరవను గూడా అరవదు."

"పోయిరా తల్లీ" అన్నాను. తెల్ల సంచిని సారెలా పట్టుకుని, పుట్టింటి నుంచి కదిలిన కూతురిలా అది కట్టెల్లోకి వెళ్లిపోయింది.

మిగతావన్నీ సాగదీశానంతే, కల్పించింది ఒక్కటే. ఆ వీడ్కోలు మాట అన్నది పెద్దమ్మే. నేను సీసా పట్టుకుని తల మాత్రం ఊపాను, మళ్లీ రమ్మన్నట్టే.