తొమ్మిది సాఫ్ట్‌వేర్ల షార్షెన్ బైకే

కిర్గిజ్ దేశపు నరీన్ పట్నంలో అందరికీ పెద్దన్న వరసైన షార్షెన్ బైకేకి ఒకటే జబ్బు. పక్కన ఇంకొకటి పెట్టి పోల్చనిదే ఆయన ఏ వస్తువునూ ముట్టడు.

బజారులో రొట్టె కొనాలంటే నాలుగు అంగళ్ళూ తిరిగి, నాలుగు రొట్టెలూ చేత్తో తూచి, వేలితో తట్టి చప్పుడు విని, మళ్ళీ మొదటి అంగడికే వచ్చేవాడు. ఈలోపు అక్కడ రొట్టెలు అయిపోయేవి.

"పొద్దున్నే వచ్చారుగా బైకే, అప్పుడే తీసుకోకపోయారా?"

"అప్పటికి నీదే మంచిదని తెలీదు కదమ్మా!"

యాభై ఎనిమిదేళ్ళొచ్చినా ఆయనకు పెళ్ళి కాలేదు. ఎందుకని ఆ అంగడామె ఏనాడూ అడగలేదు.

అలాంటి మనిషికి ఊరి వారపత్రిక సంపాదకుడు ఒరోజాలీ ఒక పని అప్పగించాడు. పత్రికకు కొత్త వెబ్‌సైటు కట్టాలి. వార్తలు ఎక్కించడానికీ, దిద్దడానికీ, ఫొటోలు పెట్టడానికీ తొమ్మిది రకాల సాఫ్ట్‌వేర్లున్నాయి. వాటిని పోల్చి ఏది మంచిదో చెప్పాలి. పాత సైటులో ఒక వార్త పెట్టాలంటే పదిహేడుసార్లు నొక్కాలి, పదహారోసారికి అది మొరాయించేది. ఆఫీసులో కంప్యూటర్ల సంగతి తెలిసినవాడు బైకే ఒక్కడే.

"వారం తీసుకోండి" అన్నాడు సంపాదకుడు. అంటూనే ఆఫీసులో అందరూ ఎజే, అంటే అక్కా, అని పిలిచే ప్రూఫులు దిద్దే టోక్తోబూబూ వైపు ఓ చూపు విసిరాడు. "కొత్తది వచ్చాక అది వాడటం రానివాళ్ళకి ఇక్కడ పనుండదు. ముందే చెబుతున్నా."

ఎజే తల వంచుకుని ఎర్ర పెన్సిల్ చెక్కుకుంది. అది మార్చి నెల. మరుసటి ఏడు మార్చి వచ్చింది. సాఫ్ట్‌వేర్ మాత్రం రాలేదు.

విలేకరి బెగిమాయ్‌కి సోమవారం సమావేశమంటే ఒళ్ళు మండేది.

"బైకే, తేలిందా?"

"ఐదోది చురుకైంది. కానీ రెండోదాంట్లో ఫొటోలు కుదురుగా కూర్చుంటాయి. ఏడోదానికి మన కిర్గిజ్ అక్షరాలతో పేచీ ఉంది."

"ఏదో ఒకటి చెప్పండి మహాప్రభో!"

"ఇంకొక్క వరస మిగిలిందమ్మా."

ఆయన పోలికల పట్టికలో అప్పటికి రెండు వందల పన్నెండు వరసలు. ప్రతి సోమవారమూ మిగిలేది ఒక్కటే వరస.

ఆ మధ్య చలికాలంలో బెగిమాయ్ బొగ్గు లారీ ఎక్కి, రెండు రోజులు ప్రయాణం చేసి ఒక కొండ ఊరి బడికి వెళ్ళింది. పొయ్యి గొట్టం విరిగి, తరగతి నిండా పొగ. పిల్లలు దగ్గుతూ ఎక్కాలు చదువుతున్నారు. ఆమె రాసిన వార్త కాగితం మీద అచ్చయింది కానీ ఊరు దాటలేదు. సైటులో పెట్టబోతే పదహారో నొక్కు దగ్గర ఆగిపోయింది. పది రోజుల తర్వాత అదే వార్త, సగం ఆమె వాక్యాలతోనే, రాజధానిలోని ఒక సైటులో వేరేవాళ్ళ పేరుతో వచ్చింది. దేశమంతా చదివింది. బడికి కొత్త పొయ్యి వచ్చింది, ఆ పేరుగలవాడికి బహుమతి వచ్చింది. బెగిమాయ్‌కి జలుబు మిగిలింది.

"నా వార్తని మీ వరసల్లో పాతిపెట్టారు బైకే!" అందరి ముందూ అరిచేసింది. "మీరు రొట్టెలు పోల్చుకోండి. మా బతుకులతో ఆడుకోకండి!"

బైకే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

మే నెలలో సంపాదకుడి ఓపిక చచ్చింది. రాజధాని నుంచి ఒక కంపెనీవాణ్ణి పిలిపించాడు. అతను అరగంటలో ఒక సాఫ్ట్‌వేర్ ఎంచేసి, సైటు పని మొదలుపెట్టాడు. బైకేని ఇక రావద్దన్నారు. ఆయన టీ గిన్నె కోటు జేబులో వేసుకుని వెళ్ళిపోతుంటే బెగిమాయ్ కుర్చీలోంచి లేవను కూడా లేదు.

కొత్త సైటు తెరిచిన రోజు ఆఫీసంతా కంప్యూటర్ చుట్టూ మూగింది. చూస్తే వార్తల నిండా డొల్ల పెట్టెలు. కిర్గిజ్ అక్షరాలు మూడు ఎక్కడా లేవు. ఊరి పేర్లు, మనుషుల పేర్లు పళ్ళూడిన నోళ్ళలా ఉన్నాయి. కంపెనీవాడు ఫోన్ ఎత్తడు. ఒరోజాలీకి చెమటలు పట్టాయి.

"కాస్త జరుగు నాయనా" అని టోక్తోబూబూ ఎజే ముందుకొచ్చింది. తెరను దగ్గరగా చూసింది. "ఓ, ఇదా! ఇది ఏడోది. దీనికి ఈ రోగం ఉంది."

నాలుగుసార్లు నొక్కింది. అక్షరాలన్నీ వచ్చి కూర్చున్నాయి.

ఒరోజాలీ నోరు తెరిచాడు. "ఎజే! నీకిది ఎలా వచ్చు?"

"తొమ్మిదీ వచ్చు. రానివాళ్ళకి పనుండదన్నావుగా. పింఛనుకి నాకింకా రెండేళ్ళుంది. నువ్వు ఏది కొంటావో తెలీదని బైకే అన్నీ నేర్పాడు. మౌసు పట్టుకోవడానికే నాకు రెండు నెలలు పట్టింది, పాపం ఒక్కనాడూ విసుక్కోలేదు."

బెగిమాయ్ ఆ సాయంత్రమే బైకే ఇంటికి వెళ్ళింది. ఆయన టీ పోసి, నూనెలో వేయించిన పిండి ముక్కలు బోర్సోక్‌లు, ఓ గిన్నెలో మీగడ పెట్టాడు. ఆమె ముట్టలేదు.

"ఏది మంచిదో మీకెప్పుడు తెలిసింది?"

"మూడో వారంలో. ఐదోది."

"మూడో వారమా! మరి ఏడాది పైగా ఏం చేశారు?"

"ఎజే అప్పటికింకా మొదటిదాని దగ్గరే ఉందమ్మా."

"మరి నా వార్త?"

బైకే తన టీ గిన్నె పక్కకి జరిపాడు. "ఎజే ఉద్యోగం, నీ వార్త, రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. నువ్వు చిన్నదానివి, ఇంకొకటి రాస్తావు. ఆమెకి ఇంకో ఉద్యోగం రాదు అనుకున్నా. నిన్ను అడక్కుండా అనుకున్నా. అది తప్పే."

"అడిగితే నేను ఒప్పుకునేదాన్ని కాదు."

"తెలుసు. అందుకే అడగలేదు."

బెగిమాయ్‌కి కోపం గొంతుదాకా వచ్చింది. బయటికి మాత్రం నవ్వై వచ్చింది. ఆ నవ్వు చూసి తన మీద తనకే ఇంకా కోపమొచ్చింది.

"మిమ్మల్ని క్షమించానని అనుకోకండి."

"అనుకోను. మీగడ వేసుకో."

క్షమించనని మరో రెండుసార్లు చెప్పింది. చెబుతూనే మీగడ గిన్నె దగ్గరికి లాక్కుని, బోర్సోక్‌తో అడుగుదాకా తుడిచేసింది.