నేపాల్ తరఫున సంతకం

జ్వరమొచ్చింది, సెలవు కావాలి అని ఇంగ్లీషులో నాలుగు ముక్కలు తప్పుల్లేకుండా రాయలేని రోజుల్లోనే నాకు సావరినిటీ అనే మాట వచ్చు. రాటిఫికేషన్ వచ్చు. రెండు దేశాలు నీళ్లు పంచుకునేటప్పుడు ఏ మాట వాడాలో, ఏది వాడితే అవతలివాడు కుర్చీలోంచి లేచిపోతాడో కూడా వచ్చు. నవ్వుకోండి. ఇప్పుడు ఎరువుల అంగడిలో కూర్చుని ఆ మాటలు ఎవరికి చెప్పుకోను? తెలుగు మీడియం డిగ్రీ వాళ్లకు రాజకీయశాస్త్రం ఇంగ్లీషు నేర్పుతానని మా కర్నూలు కాలేజీలో ఒక సారు పొద్దున ఏడింటికి పెట్టిన క్లాసు పుణ్యం అది.

సారుది కడప. గ్రామరు పుస్తకం ముట్టనిచ్చేవాడు కాదు. యూరప్‌లో యూరో అనే కొత్త నాణేలు వచ్చిన ఒకట్రెండేళ్ల తరువాతి సంగతి ఇది. పక్కపక్క దేశాలు కలిసి బతకడం గురించి పేపర్ల నిండా ఉండేది. సారు ఆ వార్తలు కత్తిరించి తలా ఒకటి ఇచ్చేవాడు. నోటుబుక్కులో అంటించుకుని, మర్నాడు బుక్కు మూసి చెప్పాలి. "బట్టీ కొట్టినావంటే బయటికి పో. నీకేం అర్థమయిందో అదే చెప్పు, తప్పులుంటే నాకొదిలెయ్" అనేవాడు. మా ఇంట్లో నీకేం అర్థమయిందని నన్ను ఎవరూ అడిగి ఎరుగరు. ఆ క్లాసంటే నేను ప్రాణం పెట్టాను.

క్లాసులో మా ఊరివాడు ఇంకొకడు ఉండేవాడు. మాది బనగానపల్లె దగ్గర పల్లె. మా చేను దాటి వాళ్ల మామిడితోటకు పోయే వంక నీళ్లకు మా పెద్దనాయన ఎన్నడో అడ్డకట్ట వేశాడు. కట్టెలు లేచాయి, పెద్దనాయన చెయ్యి విరిగింది. అప్పటినుంచీ రెండిళ్ల మధ్య మాటల్లేవు. మేమిద్దరం మూడేళ్లు ఒకే క్లాసులో కూర్చుని ఒక్కసారి కూడా పలకరించుకోలేదు. అదేదో మగతనం అనుకున్నాం, థూ!

డిగ్రీ పరీక్షలయ్యాక హైదరాబాదులో ఎం.ఏ. సీటుకు రాతపరీక్ష రాస్తే ఇద్దరికీ పిలుపొచ్చింది. మిగిలింది ఇంగ్లీషులో ఇంటర్వ్యూ. ఆ సీటొస్తే నా బతుకు నాది. రాకపోతే పెద్దనాయన వెనక తలూపుకుంటూ తిరగాలి, మా నాయన తిరిగినట్టు. మమ్మల్ని తయారుచేయడానికి సారు సెలవుల్లోనూ క్లాసు పెట్టి, అందరిచేత దక్షిణాసియా దేశాల సమావేశం ఆడించాడు. వాడు ఇండియా, నేను నేపాల్. చర్చ నదుల నీళ్ల మీద. సారు అన్నీ తెలిసే ఆ పని చేశాడని నాకు ఇప్పటికీ అనుమానమే.

వాడు తెలివైనవాడే గానీ నలుగురిలో నోరు పెగలదు. నడుమ ఒక మాట దగ్గర ఆగిపోయి నిలబడ్డాడు. నేను ఆ మాట మెల్లగా అందించాను. "థాంక్సప్పా" అన్నాడు. క్లాసంతా నవ్వింది, మేమూ నవ్వాం. ఒప్పందం మీద సంతకాలు పెట్టి చేతులు కలిపాం. పేపరు విలేకరి ఎవరో ఫొటో తీశాడు. ఆ తరువాత రోజూ వరండాలో కూర్చుని ఒకరినొకరు ప్రశ్నలు అడుక్కునేవాళ్లం. అంత సంతోషంగా నేను మళ్లీ ఎన్నడూ లేను. హైదరాబాదుకు ఒకే బస్సులో పోదామనుకున్నాం.

ఫొటో పేపరు జిల్లా పేజీలో పడింది. కింద, "నీటి పంపకంపై ఒప్పందం చేసుకుంటున్న విద్యార్థులు" అని రాశారు. నేపాల్ మాట లేదు, క్లాసు మాట లేదు. ఇంటర్వ్యూకు మూడు రోజుల ముందు నేను ఇంటికి పోయేసరికి పెద్దనాయన మంచం మీద ఆ పేపరు పరుచుకుని ఉన్నాడు.

"ఎవర్ని అడిగి సంతకం పెట్టినావురా?"

"అది ఆట పెద్దనాయనా. ఇంగ్లీషు నేర్చుకునేదానికి. వాడు ఇండియా, నేను నేపాల్."

"ఓహో! వాళ్లు ఇండియా, మనం నేపాలా? శానా బాగుండాది."

"ఉత్తుత్తిదే, పెద్దనాయనా."

"సంతకంతో ఆటలాడేటోళ్లను నేను యాడా చూడలేదు. ఆ ముసలాయప్ప నిజమనుకోని ఏం పంపిచ్చినాడో చూడుపో."

గడప దగ్గర, గడ్డి పరిచిన బుట్ట నిండా మామిడిపండ్లు. వాళ్ల తోటవి, వాడి తాత పంపాడు. మా ఇంట్లో ఎవరూ ముట్టలేదు. మా నాయన తల వంచుకుని కూర్చున్నాడు. పెద్దనాయనే మళ్లీ అందుకున్నాడు.

"సంతకం పెట్టినోడివి నువ్వే గదా. నువ్వే తీస్కపోయి వాళ్లింట్లో పడేసి, మా నీళ్లకూ మీకూ ఏం సంబంధం లేదని చెప్పిరాపో."

నేను పోను అనాలి. అనలేకపోయాను. బుట్ట నెత్తిన పెట్టుకుని ఊరి నడుమ నడిచాను. టీ అంగడి దగ్గర కూర్చున్నవాళ్లు మాటలాపి చూశారు. నన్ను చూసి వాళ్ల తాత ఎదురొచ్చాడు.

"రాప్పా, లోపలికి రా. మావోనికి మాట అందిచ్చినావంట గదా! ఇంటర్వ్యూ అంటే వానికి బెదురు. నువ్వు తోడు పోతాండావని ధైర్యంగా ఉండాడు."

వాడు ఆయన వెనకే నిలబడి ఉన్నాడు. నేను బుట్ట దించి, పెద్దనాయన చెప్పిన మాట చెప్పినట్టు అప్పజెప్పాను. తాత నా మొహంలోకి చూశాడు. వాడు వచ్చి బుట్ట లోపలికి తీసుకుపోయాడు.

ఇంటర్వ్యూకు ముందురోజు పొద్దున పెద్దనాయనే నన్ను మోటారు సైకిలు మీద బనగానపల్లె బస్టాండులో దించాడు. "బాగా చెప్పిరా, భయపడాకు" అని వెళ్లిపోయాడు. హైదరాబాదు బస్సు నిలబడి ఉంది. కిటికీ దగ్గర వాడు కూర్చుని ఉన్నాడు. పక్క సీటు మీద సంచి పెట్టి ఉంది. నన్ను చూసి ఆ సంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"వస్తావా రావాప్పా?" అని కండక్టరు రెండుసార్లు అడిగాడు. వాడి పక్కన ఏ మొహంతో కూర్చోను? ఆ బస్సూ ఎక్కలేదు, తరువాతిదీ ఎక్కలేదు.