గోలీ వేసి పంపిన జ్వరాలు

కరోనా కాస్త నెమ్మదించి బడులు తెరిచారన్న సంబరం నాకు ఎక్కువ రోజులు నిలవలేదు. పని కోసం వలస వచ్చిన మనవాళ్లుండే డిండోలిలోని తెలుగు బడిలో నేను మూడో తరగతి టీచర్ని. పిల్లలంతా కరెంటు సాంచాల మీద చీరలు నేసేవాళ్ల పిల్లలే. ఒకరి తర్వాత ఒకరు జ్వరంతో పడుతున్నారు. కరోనా కాదు, ఫ్లూ అన్నాడు డాక్టరు. కాకపోతే మాత్రం ఏం ఒరిగింది? నా తరగతిలో ఒక ఆయాసం పిల్ల ఉంది. తల్లి కరోనాలోనే పోయింది. జలుబు చేసినా చాలు, దానికి ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చేది. బడి తెరిచిన రోజే దాని నాయనమ్మ నా చెయ్యి పట్టుకొని, "టీచరమ్మా, మాకు మిగిలింది గిదొక్కతే. జర పైలంగ సూస్కో" అంది.

చూసుకోక ఏం చేశాను? కిటికీలన్నీ తీయించాను. సబ్బుతో చేతులు కడిగించాను. ఆ పిల్లను కిటికీ పక్కన విడిగా కూర్చోబెట్టాను. మాస్కుల సంగతైతే అడగొద్దు. తల్లులు చీర ముక్కలతో కుట్టి పంపేవాళ్లు. వాటిలో ఒకదానికి జరీ అంచు ఉండేది. ఇంకేముంది, మధ్యాహ్నానికల్లా అది తరగతంతా తిరిగేది. "ఓరి మీ పాడుగాను! పెండ్లి చీరనా, తలా ఇంతసేపు కట్టుకొని మురవనీకి?" అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాను.

గేటు దగ్గర నుదుటికి థర్మామీటరు పెట్టి చూసేది కూడా నేనే. పొద్దున అందరూ చల్లగానే ఉండేవాళ్లు. అన్నాలు తిన్నాక ఎవడో ఒకడు బల్ల మీద తల వాల్చేవాడు. ముట్టుకుంటే ఒళ్లు పెనంలా కాలేది. థర్మామీటరు పాడైందనుకొని దాన్నీ తిట్టాను. చివరికి అలా తల వాల్చిన ఒక పిల్లాడే నోరు జారాడు.

"పొద్దుగాల అమ్మ జెరం గోలీ ఏసింది టీచర్. బళ్లె చెప్పొద్దన్నది."

నాకు ఒళ్లు మండిపోయింది. అప్పటికప్పుడే వాణ్ణి తీసుకొని వాళ్లింటికి నడిచాను, తల్లిని కడిగేద్దామనే. ఇల్లంటే ఒకటే గది. రాత్రి పాళీ దిగి వచ్చిన తండ్రి, అతనితో పాటు ఉండే మగవాళ్లు గోడ నుంచి గోడ దాకా పడి నిద్రపోతున్నారు. తల్లి గడప బయట కూర్చొని చీరలకు రాళ్లు అంటిస్తోంది.

"జెరమొచ్చిన పోరణ్ణి ఇంట్ల ఉంచుకోవా? జర బుద్ధుండాలె!" అన్నాను.

"ఏడ పండవెట్టాలె టీచర్, మీరే చెప్పుండ్రి" అంది, చేతిలో పని ఆపకుండానే. "వీడు దగ్గితె వాళ్లకు నిద్ర వట్టది. నిద్ర లేకుంట సాంచా కాడ నిలవడితె చెయ్యి పోతది. బళ్లెనన్న ఫ్యాను కింద కూసుంటడు."

వాణ్ణి ఆమె పక్కనే గడప మీద కూర్చోబెట్టి వచ్చేశాను.

హెడ్మాస్టరు కాళ్లావేళ్లా పడి వెనక వరండా అడిగి తీసుకున్నాను. చాపలు పరిపించాను. "జెరముంటె గోలీ ఏసి దాచకుండ్రి. నాకు చెప్పుండ్రి. వరండాల పండవెట్టి నేనే సూసుకుంట" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. వస్తారని నమ్మకమైతే లేదు.

మర్నాడు వచ్చారు. తరగతి గదిలోకి వెళ్లినవాళ్లు నలుగురో ఐదుగురో. మిగతా తల్లులంతా పిల్లల్ని వరండా దగ్గరికే తెచ్చారు. ఇంతమంది కాలే ఒళ్లతో నా ముందు కూర్చొని ఎక్కాలు అప్పజెప్పారా, దేవుడా! చాపలు చాలలేదు.

అంతలో ఆయాసం పిల్లతో నాయనమ్మ గేటు దాటి వస్తూ కనిపించింది. "అవ్వా, దాన్ని గిటు తేకు! క్లాసులకు తోలు!" అని కేకేశాను.

ఆమె ఆగలేదు. వరండా మెట్టు దాకా వచ్చింది.

"మొన్నటి సంది గోలీ మీదనే ఉన్నది టీచరమ్మా" అంది, నా ముఖంలోకి చూడకుండా. "ఇంటికి తోలుతవని చెప్పలే. ఇంట్ల దీని నాయిన పండుకుంటడు గద."

పిల్ల ముఖానికి ఆ జరీ అంచు మాస్కే ఉంది. ఊపిరి పీల్చినప్పుడల్లా అది ముక్కుకు అతుక్కుపోతోంది. మాస్కు లాగి పారేసి, పిల్లను ఎత్తుకొని, ఆటో కోసం రోడ్డు మీదికి పరుగెత్తాను.